ఆకు తిప్పి చూడండి

వేలూరులో ఏ ఎరువుల అంగడి ముందైనా పొద్దున పదిగంటల వేళ కాసేపు నిలబడితే ఒక తంతు చూడొచ్చు. స్కూటరు దిగినాయన జేబులోంచి ఫోను తీస్తాడు. తెరమీద ఒక ఆకు. "చెట్టంతా ఇట్టనే ఉండాది, ఏమైనా మందియ్యన్నా" అంటాడు. అంగడాయన రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చూస్తాడు. వెనక అరలోంచి ఒక సీసా తీసి ముందు పెడతాడు. "లీటరుకు రెండు మిల్లీ. సాయంత్రం కొట్టండి." బేరం రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది.

ఆ ఫొటోలో ఉన్నది ఆకు పైభాగం. పురుగుండేది అడుగున. లేదంటే కాండం మొదట్లో, కుండీ మట్టిలో, ఆ ఇంటి బోరు నీళ్లలో. కొన్నిసార్లు క్యాలెండరులో కూడా ఉంటుంది: కొమ్మ కొయ్యకూడని నెలలో కోసి, ఇప్పుడు మందు వెతుక్కుంటూ వచ్చారన్నమాట. పెరటి మొక్కలకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి సీసా అవసరం లేదు. రెండు మూడింటికైతే సీసాయే జబ్బును ముదరబెడుతుంది. వేలూరు, గుడియాత్తం ఇళ్లలో ఎక్కువగా కనిపించే మొక్కలను పట్టుకుని ఆ సంగతే చెప్పుకుందాం.

పాలారు ఒడ్డున వేలూరు, కౌండిన్య నది ఒడ్డున గుడియాత్తం. రెండూ చిత్తూరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊళ్లే. లుంగీ మగ్గాల వీధుల్లోనూ, అగ్గిపెట్టెల పనివాళ్ల ఇళ్లలోనూ, కొత్తగా కట్టిన మేడల మీదా తెలుగు వినిపిస్తుంది. ఇంటి వెనక ఒక కొబ్బరి, కరివేపాకు, మునగ, నిమ్మ. వాకిట్లో గుండుమల్లి, మందారం, కనకాంబరం. మేడమీద బస్తాల్లో వంగ, మిరప, టమాటా. గుడియాత్తం గంగమ్మ శిరసు ఉత్సవం మే నెల నడుమ వస్తుంది. అప్పటికి ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. అక్టోబరు వచ్చిందంటే వారాల తరబడి ముసురు. ఈ రెండు కాలాల మధ్యే ఇక్కడి మొక్కల కష్టాలన్నీ.

ముందు కొబ్బరి సంగతి. కొన్నేళ్లుగా అందరినీ ఎక్కువగా బెంబేలెత్తించింది అదే. కింది మట్టలు నల్లబడతాయి. చెట్టు కింద పెట్టిన స్కూటరు సీటు జిగటగా తయారవుతుంది, ఆరేసిన చీర మీద మచ్చలు పడతాయి. పక్కింటివాళ్లు "మీ చెట్టుకు ఏదో రోగం తగిలింది, కొట్టించేయండి" అని గొడవకు వస్తారు. బూజు మందు కొట్టిస్తే ఆ నలుపు పోదు. ఎందుకంటే అది చెట్టు రోగం కాదు. పై మట్టల అడుగున కూర్చుని రసం పీల్చే తెల్లదోమ తీపి బంకను విసర్జిస్తుంది. ఆ బంక కింది ఆకుల మీద పడుతుంది, దానిమీద మసి బూజు పెరుగుతుంది. పైకెక్కి ఒక ఈనె ఆకును తిప్పి చూస్తే అడుగున తెల్లటి మైనంతో చుట్లు చుట్లుగా ముగ్గు వేసినట్టు గుడ్లు కనిపిస్తాయి. అందుకే దీన్ని సర్పిలాకార తెల్లదోమ అన్నారు.

దీని ఊరు ఇది కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన నమూనాలతో 2004లో శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడింది. ఆ తర్వాత కేరళ, కర్ణాటక, ఆంధ్రా తీరం దాకా పాకిపోయింది. కొబ్బరితో ఆగకుండా జామ, అరటి ఆకుల మీదా కాపురం పెట్టింది. వానలు మొహం చాటేసిన ఏడు దీనికి పండగ. గట్టి వాన నాలుగుసార్లు కొడితే సగం కొట్టుకుపోతుంది.

తెల్లదోమ వెంటే దాని శత్రువు కూడా ఎలాగో దేశంలోకి వచ్చేసింది. ఎన్కార్సియా గ్వాడెలూపే అనే చిన్న కందిరీగ అది. ఎవరూ తెచ్చి వదల్లేదు. కంటికి సరిగ్గా ఆనదు కూడా. తెల్లదోమ పిల్లపురుగు శరీరంలో గుడ్డు పెడుతుంది, ఆ పిల్లపురుగు నల్లబడి చచ్చిపోతుంది, వీపున చిన్న గుండ్రటి రంధ్రం చేసుకుని కొత్త కందిరీగ బయటికొస్తుంది. మనం ఘాటు మందు కొడితే ముందు చచ్చేది ఇదే. తెల్లదోమ మైనపు ముసుగులో దాక్కుని బతికిపోతుంది, శత్రువు లేని చోట రెట్టింపై లేస్తుంది. కొబ్బరి పరిశోధకులు దీనిమీద రసాయనాలు వద్దని పదేపదే చెప్పింది ఇందుకే. మసిని తినే పురుగొకటి కూడా ఉంది. లియోక్రైనస్ నీల్గిరియానస్ అని పేరు. ఆకుల మీద మసిని గీరి గీరి తినేస్తుంది. పెద్ద పేరున్న ఈ చిన్న పాకీపనివాడికీ మన మందు విషమే.

మరైతే ఏం చెయ్యాలి? చిన్న చెట్టయితే గొట్టంతో ఆకుల అడుగుభాగానికి నీళ్లు బలంగా కొట్టాలి. మసి పట్టిన ఆకుల మీద మైదా గంజి చల్లాలి. లీటరు నీటికి 25 గ్రాముల మైదా వేసి ఉడికించి, చల్లార్చి, వడకట్టాలి. ఎండకు అది పొరలాగా ఎండిపోయి మసితో సహా రాలిపోతుంది. పసుపు రంగు అట్టకో డబ్బా మూతకో ఆముదం రాసి ఆరడుగుల ఎత్తున వేలాడదీస్తే పెద్ద దోమలు వచ్చి అంటుకుంటాయి. నల్లబడిన పిల్లపురుగులున్న ఈనె ముక్కలు దొరికితే వాటిని పారెయ్యకుండా కొత్తగా దోమ పట్టిన చెట్టుకు కట్టాలి. అందులోంచి కందిరీగలు వస్తాయి. పక్కింటాయనకు ఇదంతా చెప్పి ఒప్పించడం మాత్రం మీ ఓపిక.

ఇలాంటి కథే అంతకుముందు ఒకటి నడిచింది. బొప్పాయి పిండినల్లి. 2008లో కోయంబత్తూరులో మొదట కనిపించింది. రెండేళ్లు తిరిగేసరికి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, మందారం దేన్నీ వదల్లేదు. తెల్లటి దూది ముద్దలు అంటుకున్నట్టు కాయలు, కొమ్మలు నిండిపోయాయి. రైతులు వారానికో మందు చొప్పున కొట్టారు. పురుగు తగ్గలేదు. ఈ పురుగు పుట్టిల్లు మెక్సికో. అక్కడ దీన్ని అదుపులో పెట్టే కందిరీగలున్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగలను బెంగళూరులోని జాతీయ కీటక సంస్థ 2010లో తెప్పించి, పెంచి, వదిలింది. వాటిలో ఎసిరోఫాగస్ పపాయే అనేది అన్నిటికన్నా బాగా పనిచేసింది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని లక్షల్లో పెంచి జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా పంచింది. కొన్ని నెలల్లోనే పిండినల్లి వెనకడుగు వేసింది. దేశంలో ఒక పరాయి పురుగును మరో పురుగుతో ఇంత తొందరగా అణచిన సందర్భాలు ఎక్కువ లేవు.

ఇప్పుడు మందారం మొగ్గల దగ్గర తెల్లటి ముద్దలు కనిపిస్తే వెంటనే చూడాల్సింది చీమలను. గండుచీమలు వరసకట్టి పైకీ కిందికీ తిరుగుతున్నాయంటే పిండినల్లి ఇంటి కాపలా వాళ్లదే. పిండినల్లి విసర్జించే తీపికోసం చీమలు దాన్ని కాస్తాయి. పిల్లలను ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకెళ్తాయి, తినడానికి వచ్చిన అక్షింతల పురుగులను తరిమేస్తాయి. చీమల దారి తెగ్గొడితే సగం పని అయినట్టే. కాండం చుట్టూ జానెడు వెడల్పున గ్రీజు పట్టీ వెయ్యండి. బెరడుకు నేరుగా రాయకుండా, ప్లాస్టిక్ కాగితం చుట్టి దానిమీద రాయాలి. కుండీ అయితే నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి దానిమీద పెట్టండి. ముద్దలున్న కొమ్మచివర కోసి సబ్బునీళ్ల బకెట్లో వెయ్యండి, చెత్తకుప్పలో కాదు. మిగిలినదానికి బలంగా నీళ్లు, తర్వాత వేపనూనె చాలు.

కత్తెర దగ్గరికొద్దాం. ఇక్కడి ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది గుండుమల్లి గురించి. "అక్కా, చెట్టు నిండా ఆకే, పువ్వు లేదు. ఏం పొయ్యాల?" ఏమీ పొయ్యనక్కర్లేదు. నవంబరు చివరి వారంలో కత్తిరించారా అని అడగాలి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం గుండుమల్లికి చెప్పిన అదను అదే: నవంబరు ఆఖరున, నేల నుంచి 45–50 సెంటీమీటర్ల ఎత్తుకు. ముల్లైకి జనవరి. గుండుమల్లి కొత్త చిగురు చివరనే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మలు గుబురుగా ఉంటే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. గాలి ఆడదు, పురుగు చేరుతుంది. కత్తిరించడానికి వారం ముందు నుంచీ నీళ్లు తగ్గించాలి. ఎండిన పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు మొదలు దాకా తీసెయ్యాలి. కోశాక మట్టి గుల్లచేసి మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే మార్చికల్లా మొగ్గ వస్తుంది. ఇంత గట్టిగా కోయడానికి చాలామందికి మనసొప్పదు. మోకాలెత్తు కర్రలు తప్ప ఏమీ మిగల్లేదని ఇంట్లో పెద్దావిడ గొణుగుతుంది. మార్చి దాకా ఆ గొణుగుడు భరించాలి.

ఎండాకాలంలో మొగ్గలు ఊదారంగుకు తిరిగి, పక్కన సన్నటి కన్నంతో, విచ్చుకోకుండానే రాలిపోతే అది మొగ్గ పురుగు. మొగ్గను గోటితో చీల్చి చూడండి, లోపల వెంట్రుకంత ఆకుపచ్చ పురుగు కదులుతుంది. అలాంటి మొగ్గలన్నీ పొద్దునే ఏరేసి సబ్బునీళ్లలో వేస్తే రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. రాలిన వాటిని కింద వదిలేస్తే మాత్రం పురుగు మట్టిలో దిగి మళ్లీ పైకొస్తుంది.

గులాబీకి తొందర పనికిరాదు. అక్టోబరు–డిసెంబరు మధ్య కత్తిరించాలని పుస్తకం చెబుతుంది. వేలూరులో ఆ నెలల్లోనే వాన. తడిసిన కొమ్మను కోస్తే కోసిన చోటి నుంచి నల్లగా కిందికి ఎండుకుంటూ వస్తుంది. కొమ్మ ఎండు తెగులంటే అదే. వరసగా నాలుగు రోజులు పొడిగా ఉన్నప్పుడు చూసి, బయటివైపు తిరిగిన కన్నుకు పావు అంగుళం పైన, వాలుగా, ఒకే కోతలో తెగేలా కోయాలి. మొద్దు కత్తెరతో నలిపిన కొమ్మ బతకదు. ఎండు పట్టిన కొమ్మను పచ్చి భాగం వచ్చేదాకా తీసెయ్యాలి, లోపల గోధుమ చార కనిపించకూడదు. ఒక చెట్టు నుంచి ఇంకోదానికి వెళ్లేముందు కత్తెర మొనను స్పిరిటుతో తుడవడం ఎవరూ చెయ్యరు. చెయ్యాలి.

కోసిన చోట రాయడానికి బోర్డో ముద్ద ఉంది. దీని పుట్టుక ఒక ముచ్చట. ఫ్రాన్సులోని మెడాక్ ప్రాంతంలో దారిన పోయేవాళ్లు ద్రాక్ష తెంపుకుంటున్నారని రైతులు బాటపక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. అది చూడగానే అసహ్యంగా ఉండి దొంగలు ముట్టేవారు కాదు. 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త అటుగా వెళ్తూ, తోటంతా బూజు తెగులుతో ఆకులు రాల్చేస్తే బాట పక్క తీగలు మాత్రం పచ్చగా ఉండటం గమనించాడు. 1885లో దాన్ని మందుగా ప్రకటించాడు. పెరటి అవసరానికి ముద్ద అంటే 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. ఆకుల మీద చల్లేదైతే అవే పాళ్లు పది లీటర్లలో. ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనుము పనికిరాదు. సున్నపు నీళ్లలోకి తుత్తం నీళ్లు సన్నగా పొయ్యాలి. కలిపాక మెరుగు పెట్టిన చాకు మొన ముంచి తీస్తే రాగిరంగు పొర కట్టిందంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త పొయ్యాలి. అదే రోజు వాడేయాలి.

నిమ్మచెట్టు ఆకుల మీద వెండిరంగు వంకర గీతలు పడితే ఆకు తొలుచు పురుగు లోపల నడుస్తోంది. ఆ గాయాల్లోంచే వానల్లో గజ్జి తెగులు ఎక్కుతుంది. కాయలమీద గరుకు మచ్చలు తేలతాయి. వానాకాలంలో నిమ్మను కోయకండి. ఎండు పుల్లలను జనవరిలో తీసి పైన చెప్పిన బోర్డో ద్రావణం చల్లండి. కరివేపాకును నిమ్మపక్కనే నాటే అలవాటు మనకు ఎక్కువ. సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు రెండింటి చిగుళ్లమీదా పెరుగుతుంది. నిమ్మకు గ్రీనింగ్ తెగులును మోసేది అదే. కాబట్టి ఆ రెండూ పెరటి చెరో మూల ఉంటే మంచిది. కరివేపాకు విషయంలో ఇంకో మాట: రోజుకో రెబ్బ తుంచుకోవడం కన్నా కొమ్మచివర జానెడు కోసుకుంటే పక్కనుంచి రెండు కొమ్మలు వస్తాయి. పూత, కాయలు కనబడగానే తీసెయ్యాలి. ఆకుమీద పిట్టరెట్ట లాంటి పురుగుంటే దులపకండి, అది సీతాకోకచిలుక పిల్ల. రెండు మూడుంటే చేత్తో తీసి దూరంగా వదిలెయ్యండి, దానికి మందు కొడితే ఆ మందు మీ పోపులోకే వస్తుంది.

మునగను అడుగున్నరకు మించి పెరగనివ్వకుండా తుంచుతారు కొందరు, అది తొందరపాటు. 75 సెంటీమీటర్లు వచ్చాక మొన తుంచాలి. కాపు అయ్యాక 90 సెంటీమీటర్ల ఎత్తుకు కోసేస్తే మళ్లీ చిగురించి చేతికి అందేట్టు కాస్తుంది. ముసురు రోజుల్లో కాండం మీద గుంపుగా చేరే కంబళి పురుగులను దివిటీతో కాల్చే పాత పద్ధతికి నేను ఒప్పుకోను. బెరడు కాలుతుంది. వాటి వెంట్రుకలు ఎగిరి పడితే ఒళ్లంతా దురద. పగటిపూట గుంపుగా ఉన్నప్పుడే చిక్కటి సబ్బునీళ్లు పోస్తే చాలు.

కొబ్బరికి మాత్రం కత్తి ఎంత తక్కువైతే అంత మేలు. సంక్రాంతికి చెట్టెక్కేవాణ్ని పిలిచి, శుభ్రంగా ఉండాలని పచ్చి మట్టలు కూడా నరికించే ఇళ్లున్నాయి. ఆ పచ్చి గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది లోపల దిగిందంటే తెలిసేసరికి చెట్టు తల వాలిపోతుంది. పచ్చి మట్ట కోయక తప్పదనుకుంటే కాండానికి 120 సెంటీమీటర్ల దూరంలో కోయాలి. విప్పారిన లేత మట్ట కత్తిరించినట్టు వి ఆకారంలో కనిపిస్తే కొమ్ము పురుగు పని. దానికి మొవ్వు దగ్గరి మట్టల మొదట్లో వేపగింజల పొడి ఒకపాలు, ఇసుక రెండుపాలు కలిపి 150 గ్రాములు పోయాలి, లేదా మూడు నాఫ్తలీన్ గోలీలు పెట్టి ఇసుక కప్పాలి. ఈ పురుగు పుట్టేది పేడదిబ్బలో. దిబ్బ తిరగేస్తే బొటనవేలంత తెల్లపురుగులు చుట్టచుట్టుకుని ఉంటాయి, కోళ్లకు వేస్తే పరుగెత్తుకొస్తాయి.

వంకాయ దగ్గర కాసేపు ఆగాలి. అణైకట్టు ప్రాంతంలోని ఇలవంపాడి ముళ్ల వంకాయకు 2023 ఫిబ్రవరిలో వేలూరు పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొడిమ మీద, ఆకు మీద కూడా ముళ్లుంటాయి, కోసేటప్పుడు చేతులు గీరుకుంటాయి. ఆ ముళ్లకు జడవని పురుగు ఒకటుంది. పొద్దున చూస్తే చెట్టంతా నిటారుగా ఉండి ఒక్క చిగురు మాత్రం తల వాల్చి ఉంటుంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకో చెంబు పోస్తాం. అది నీళ్ల సంగతి కాదు. ఆ చిగురును రెండంగుళాల కిందికి కోసి నిలువునా చీల్చండి. లోపల గుజ్జు నల్లటి పొడిగా మారి ఉంటుంది. ఆ పొడి చివర గులాబీరంగు పురుగు. మొవ్వు, కాయ తొలిచే పురుగు ఇదే. కాయల్లోకి దిగాక మందుకు అందదు. పైన చిన్న కన్నం, లోపల మురికి. దీనికి పెరట్లో ఉత్తమమైన మందు కత్తెరే: వాలిన చిగురు కనిపించిన రోజే, పురుగున్న చోటుకు అంగుళం కిందికి కోసి, చీల్చి చంపాలి. కన్నం పడ్డ కాయను చెట్టు మీద ఒక్క రోజు కూడా ఉంచకూడదు. లింగాకర్షక బుట్ట ఒకటి వేలాడదీస్తే మగ రెక్కలపురుగులు పడతాయి.

దేశాన్ని రెండుగా చీల్చిన పురుగు కూడా ఇదే. దీని కోసమే బీటీ వంకాయ తయారైంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా అందులో భాగస్వామి. హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో వాదోపవాదాలయ్యాక 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ దాన్ని ఆపేశారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. ఆ తగువు పెద్దలకు వదిలేద్దాం. మేడమీద పది బస్తాల వంగతోటకు పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఒక చుట్టు తిరిగితే చాలు.

మిరపలో ముడత చూస్తే ఆకు ఎటు ముడుచుకుందో చూడాలి. అంచులు పైకి దోనెలా లేస్తే తామర పురుగు, కిందికి వంగి ఆకుకాడ పొడుగైతే నల్లి. పై ముడత, కింద ముడత అని మన రైతులు ఎప్పటినుంచో విడదీసి చెబుతారు. రెండింటికీ ఒకే సీసా పోస్తే ఒకటి పోదు. నల్లి నిజానికి పురుగు కాదు, దానికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు పనిచేస్తుంది. ఎండ మండే రోజుల్లో గంధకం కొడితే ఆకు మాడుతుంది, జాగ్రత్త. బెండలో పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత వైరస్ వస్తే మందే లేదు. తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అది. ఆ ఒక్క మొక్కను పీకి సంచిలో కట్టి పారెయ్యాలి. "నాలుగు కాయలున్నాయి కదా, ఉండనీ" అనుకుంటే వారంలో వరసంతా పసుపే.

ఇక రోగమే కాని రోగం. ఆకు అంచులు, మొనలు కాలినట్టు గోధుమరంగుకు వస్తాయి. కుండీ అంచున తెల్లటి పొడి పేరుకుంటుంది. బూజు మందులు, పురుగు మందులు వరసగా అయిపోతాయి, గుణం మాత్రం కనిపించదు. తప్పు బోరు నీళ్లది. పాలారు ఒడ్డున తోళ్ల కర్మాగారాల వల్ల నేలా నీళ్లూ చెడిపోయాయని వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న చరిత్రాత్మకమైన తీర్పిచ్చింది. తోళ్ల పరిశ్రమలున్న పట్టీలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న లెక్క ఆ తీర్పులోనే ఉంది. ప్రతి బోరూ అలాంటిదని కాదు. కాకపోతే ఈ ప్రాంతంలో చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ. గులాబీ, చిక్కుడు దాన్ని అసలు ఓర్చుకోవు, కొబ్బరి ఓర్చుకుంటుంది. వానాకాలంలో మేడ నీళ్లు డ్రమ్ములో పట్టుకుని కుండీలకు ఆ నీళ్లు పోయండి. నెలకోసారి కుండీ అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోసి ఉప్పును కడిగెయ్యండి. ఈ స్థితిలో యూరియా వేస్తే కాలిన చోట కారం రాసినట్టే.

పసుపు రంగులోనూ తేడా ఉంది. ముదురాకులు ముందు పసుపైతే మొక్కకు నత్రజని చాలలేదు, మాగిన ఎరువు వెయ్యండి. లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందలేదు. ఇక్కడి సున్నపు నేలల్లో మల్లెకు ఇది మామూలే. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లితే రెండు వారాల్లో రంగు తిరుగుతుంది. ముసురులో మొక్క నిలువునా వాడిపోయి, మట్టి మాత్రం తడిగా ఉంటే వేరు కుళ్లింది. 2021 నవంబరులో పాలారు పొంగిన వానల్లో చాలా ఇళ్లలో కనకాంబరాలు పోయింది ఇలాగే. కుండీల కింద పళ్లేలు తీసెయ్యాలి. ట్రైకోడెర్మా పొడిని మాగిన ఎరువులో కలిపి, తడి గోనెపట్టా కప్పి వారం ఉంచి మొదళ్లలో వేస్తే మిగిలినవి నిలుస్తాయి. కనకాంబరం మొక్క ఎప్పుడూ నీరసంగా ఉంటే పీకి వేళ్లు చూడండి. నులిపురుగు పట్టి వేళ్లు నల్లబడి ఉంటే ఆ మట్టిలో మళ్లీ అదే నాటకూడదు. వేపపిండి కలిపి, ఒక కారు బంతిపూలు వెయ్యండి.

మందు కొట్టే అవసరం రాదని కాదు. వస్తుంది. కానీ పత్తికి, వరికి కొన్న సీసాలో మిగిలిందని పెరటి టమాటాకు చల్లడం ఇక్కడ నేను చూసిన అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005 నుంచే నిషేధం ఉంది. ఇలాంటి ఆర్గానోఫాస్ఫరస్ విషం మింగినవాళ్లకు ఎలా వైద్యం చెయ్యాలన్నదానిమీద వేలూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నారంటే, ఆ సీసాలు ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఎంత సులువుగా దొరుకుతాయో ఊహించుకోవచ్చు. ఇంటర్నెట్టులో చెప్పే వంటకాలనూ అలాగే నమ్మకండి. గిన్నెలు తోమే ద్రావణం గరిటెడు పోసి మధ్యాహ్నం కొడితే పురుగుతో పాటు ఆకూ పోతుంది. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప కషాయం పేనుబంక మీద కొంత పనిచేస్తుంది, వైరస్ మీద ఏమీ చెయ్యదు. కొడుముడి వైద్యుడు నటరాజన్ ప్రచారంలోకి తెచ్చిన పంచగవ్య లీటరుకు 30 మిల్లీలు మొక్కకు బలమిస్తుంది. దాన్ని పురుగుమందు అనుకోవద్దు.

అంతుబట్టకపోతే విరింజిపురం వెళ్లండి. మార్గబంధీశ్వరుడి గుడి ఉన్న ఊరే. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కృషి విజ్ఞాన కేంద్రం అక్కడుంది. పోయేటప్పుడు కొమ్మను ఆకులతో, వీలైతే వేరుతో సహా కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే ఉడికిపోతుంది, అక్కడి వాళ్లకు చూడ్డానికేమీ మిగలదు.

ఇంటికి సంవత్సరానికి సరిపడే మందు ఒకటి ఉంది, డబ్బు పెట్టనక్కర్లేదు. జూన్, జులైలలో వేలూరు వీధుల్లో వేపపండ్లు రాలి కాళ్లకింద నలుగుతుంటాయి, కార్పొరేషన్ వాళ్లు ఊడ్చి పోస్తుంటారు. వీలైనన్ని ఏరుకుని, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గోనెసంచిలో వెయ్యండి. ప్లాస్టిక్ డబ్బాలో వేస్తే బూజు పడుతుంది. మూడు నెలలు ఆగాక వాడొచ్చు. పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున పిండితే పాలలా దిగుతుంది. చిటికెడు సబ్బు కలిపి, ఎండ తగ్గాక, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. వారానికోసారి చాలు. ఏడాది దాటిన గింజల్లో చేదు తగ్గిపోతుంది కాబట్టి మిగిలినవి పొడిచేసి మొక్కల మొదట్లో వేసేసి, వచ్చే ఆషాఢానికి కొత్తవి ఏరుకోవాలి.